హెల్డ్ అన్నాక జానెడు

స్పైకుల బూట్లతో అడుగు వేసినప్పుడల్లా ఆస్పత్రి గచ్చు టకటకమని మోగుతుంటే, విప్పి కుర్చీ కిందికి తోసేశాడు తిరుమల్. ఇప్పుడు వట్టి సాక్సులతో, మోకాళ్ళ దాకా గడ్డి మరకలతో, అయిదో నంబరు జెర్సీ మీద ఆరిపోయిన చెమటతో, చేతులు రెండూ తొడల మధ్య ఇరికించుకుని, ఎదురుగా ఉన్న తలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఆ తలుపు వెనక బాసిత్ ఉన్నాడు. రెండున్నరకు ఆట మొదలైనప్పుడు ఆ గ్రౌండులో బాసిత్‌వే అందరికన్నా గట్టి కాళ్ళు, నాలుగు కొట్టేసరికి అవి ఎవరి కాళ్ళో అయిపోయాయి. అంబులెన్సులో నర్సు పెన్ను మొనతో అరికాలు గీకుతుంటే “షురూ కరో నా సిస్టర్” అన్నాడు పాపం, ఆమె మొదలుపెట్టి చాలాసేపయిందని తెలియక. ఆ మాట తిరుమల్ విన్నాడు.

గంట పడుతుందంది లోపలినుంచి వచ్చిన నర్సు, స్కాన్ చూశాక డాక్టరు చెప్తారంది. సుభాషిణి అట ఆమె పేరు, మాటను బట్టి గోదావరి వైపు మనిషి. గంటంటే ఎంతసేపు? ఊళ్ళో కబడ్డీలో ఒక్క కూత ముప్పై సెకన్లు, ఇక్కడ రగ్బీ లీగ్ ఆట ఎనభై నిమిషాలు. ఎనభై నిమిషాలు ఉరికినా అలుపు రాని మనిషికి ఈ ఇనుప కుర్చీలో పది నిమిషాలు కూర్చునేసరికి గస పోస్తోంది. ఏసీ చల్లదనం జెర్సీలోంచి వీపుకు అంటుకుంటోంది, వేళ్ళు కొయ్యబారిపోయాయి. కొండగట్టు అంజన్నకు మొక్కాడు, కాలినడకన వస్తానన్నాడు, అనగానే ఛీ అనిపించింది, అక్కడ ఒకడి కాళ్ళు పోతుంటే నేను నా కాళ్ళతో నడిచొస్తానని మొక్కుకోవడమేంటి. బాసిత్ దేవుడికీ మొక్కాడు. ఆయన భాష తనకు రాదు కాబట్టి తెలుగులోనే మొక్కాడు, అర్థం చేసుకుంటాడులే, ఇన్ని దేశాలవాళ్ళను చూసే దేవుడికి జగిత్యాల తెలుగు ఒక లెక్కా.

అసలు ఈ ఆట తనకెందుకు చెప్పండి. కట్టడాలకు ఇనుప పైపుల పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పని, ఆరు రోజుల డ్యూటీ, ఏడోరోజు ముసుగుతన్ని పడుకుంటే ఎవడొద్దన్నాడు? మోసెస్ సార్ చూడకపోతే బాగుండును. పాపువా న్యూగినీ మనిషి, కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. వక్రా లేబర్ క్యాంపు వెనక ఇసుకలో పిల్లగాళ్ళతో కబడ్డీ ఆడుతుంటే చూసి, వీణ్ని ముగ్గురు పట్టినా ఆగట్లేదేంట్రా అనుకుని, మర్నాడే బంతి తెచ్చి చేతిలో పెట్టాడు. క్యాంపుకొక టీము, మొత్తం ఏడు టీములు, ఖతార్ అంతటికీ ఒక్కటే లీగు కాబట్టి క్యాంపుల్లో దాన్ని స్టేట్ లీగ్ అంటారు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా శుక్రవారం శుక్రవారం మ్యాచి. బంతి చంకన పెట్టుకుని అవతలి గీత దాకా ఉరికి దాని మీద పెట్టడం, వాళ్ళ భాషలో ట్రై, అంతే కదా, ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాడు తిరుమల్. ఉరకడం వచ్చింది, తప్పించుకోవడం వచ్చింది, ఉరుకుతూ లోలోపల కబడ్డీ కబడ్డీ అని గొణుక్కోవడం కూడా వచ్చింది, దాన్ని చూసి నేపాలీ టీము పడీపడీ నవ్వింది. రానిదల్లా ఒక్కటే, ఆగడం. ఈ ఆటలో నిన్ను పట్టుకుని కదలకుండా చేశాక రెఫరీ “హెల్డ్” అని అరుస్తాడు. ఆ మాట పడిందా, అక్కడికి సరి, పట్టినవాడు వదలాలి, పడ్డవాడు ఉన్నచోటే ఉండి, తర్వాత లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించాలి. పడ్డవాడు మళ్ళీ ముందుకు పాకి గీత మీద బంతి పెడితే అది తప్పు, పాయింట్లు రావు, పైగా బంతి అవతలివాడికి పోతుంది.

కానీ లస్మయ్య కాక నేర్పింది వేరే. ఊళ్ళో తిరుమల్‌కు కబడ్డీ అంటించింది ఆయనే, మూతి మీద తువ్వాల కట్టి బడి చుట్టూ ఉరికించి దమ్ము పెంచింది ఆయనే. “నలుగురు మీద వడ్డా సరే బిడ్డా, నీ ఏలు కొస గీత ముట్టిందనుకో, పట్టిన నలుగురూ అవుటే. గీత ముట్టేదాక నువ్వు సచ్చినా సావనట్టే” అనేవాడు. పన్నెండేళ్ళ వయసులో ఎక్కిన మాట అది, రక్తంలో ఉప్పులా కలిసిపోయింది, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే అలాగ. నవంబరులో ఒకసారి హెల్డ్ అన్నాక పాకాడు, ట్రై పోయింది. డిసెంబరులో ఒకసారి. జనవరిలో అయితే గెలిచే మ్యాచి పోయింది, ఆ రోజు మోసెస్ సార్ బస్సులో పక్కన కూర్చుని, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలు పోగేసుకుని చెప్పాడు, “హెల్డ్ బోలా, తూ పత్థర్. సమ్‌ఝా? పత్థర్.” సరే సార్, రాయినే సార్ అన్నాడు తిరుమల్. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఇప్పుడు రాయి అయింది ఎవరు? ఆ తలుపు వెనక దుప్పటి కింద రెండు కాళ్ళు రాళ్ళయి పడి ఉన్నాయి, అవి తన కాళ్ళు కావు.

బాసిత్ ఉన్నాడంటే పైన ధైర్యం. రెండేళ్ళు ఒకే జత, తిరుమల్ కింద, బాసిత్ పైన. ఇనుప పైపు నిలువునా లేపి అందిస్తే పైన బాసిత్ రెండు చేతులా ఒడిసిపట్టి “ఛోడ్ దే” అని కేకేసేవాడు. ఆ కేక వినపడేదాకా వదలకూడదు, వినపడ్డాక క్షణం కూడా పట్టుకోకూడదు, పట్టుకుంటే పైనున్నవాడు తూలి కిందికొస్తాడు. రెండేళ్ళలో ఎన్ని వేల పైపులు, ఒక్కసారి తప్పలేదు, ఒక్క మాటకే చేతులు వదిలేసేవాడు తిరుమల్, నిద్రలో చెప్పినా వదిలేసేవాడు. క్యాంపు రూములో బాసిత్ పై మంచం, తను కింద. దిగుతూ దిగుతూ బాసిత్ కాలు తగిలితే ఏమీ లేదు గానీ, తన కాలు బాసిత్‌కు తగిలితే మాత్రం తిరుమల్ వెంటనే ఆ తగిలినచోట ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు, ఇంట్లో అలవాటు. “ఫిర్ షురూ హో గయా”, మళ్ళీ మొదలెట్టావా అని కడుపు పట్టుకుని నవ్వేవాడు బాసిత్, నేనేం నీ దేవుణ్ణా, కాలికి కాలు తగిలితే మొక్కుతావేంటని. పాకిస్తాన్‌లో ఫైసలాబాదు పక్క పల్లెటూరు వాడిది, అక్కడా కబడ్డీయే. తిరుమల్‌కు మారుపేరు పెట్టింది కూడా వాడే, అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాడు, ఏయ్ కబడ్డీ, అన్నం అయిందా కబడ్డీ, ఇదే పిలుపు. డిసెంబరులో బాసిత్‌ను ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుకు మార్చారు, అక్కడి టీములో చేరాడు. మార్చకపోతే ఇవాళ ఇద్దరూ ఒకే రంగు జెర్సీలో ఉండేవాళ్ళు. ఎవరో ఆఫీసులో కూర్చుని ఒక కాగితం మీద ఒక పేరు అటునుంచి ఇటు రాశారు, ఎంత తేలికో చూడండి.

షార్ట్సు జేబులో ఫోను వణికింది. తన ఫోను కాదు, బాసిత్‌ది, గ్రౌండులో ఎవరో చేతికిచ్చారు, తెర మీద మెహ్విష్ అని పేరు, పక్కన పసిపిల్లను ఎత్తుకున్న ఫోటో. మ్యాచి అయిపోయాక ప్రతి శుక్రవారం పెళ్ళాం ఫోను చేస్తుంది, జీత్ గయే? అని అడుగుతుంది, గెలిచినా ఓడినా వీడు గెలిచామనే చెప్తాడు. ఎత్తితే ఏం చెప్పాలి? వదినా, మీ ఆయన బాగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, నడుము కిందనే కొంచెం... ఛ. ఫోను చేతిలోనే వణికి వణికి ఆగిపోయింది. ఇది మూడోసారి. నాలుగోసారి కూడా వస్తుంది. ఎంత పిరికివాణ్ణయిపోయాను, నలభైమంది చూస్తుండగా ముగ్గురి మీదకు ఉరికినవాణ్ణి, ఒక ఆడమనిషి గొంతుకు భయపడుతున్నాను.

అందరూ ఏమనుకుంటున్నారంటే, మీద ముగ్గురు నలుగురు పడ్డారు, ఆటన్నాక దెబ్బలు తగుల్తాయి, బాసిత్ తల నేలకు కొట్టుకుంది, అంతే అనుకుంటున్నారు. మోసెస్ సార్ అడిగితే తిరుమల్ కూడా అదే చెప్పాడు, పడుతుంటే తగిలిందని, “గిర్తే గిర్తే లగా సార్.” అంబులెన్సు మనిషికీ అదే చెప్పాడు, అతను దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్నాక ఇక అదే నిజమైపోయింది. దొంగకు తేలు కుట్టినట్టుంది తిరుమల్ పని, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. జరిగింది తలుచుకోకూడదనుకున్నకొద్దీ అదే వస్తోంది, గడ్డి వాసనతో సహా వస్తోంది. లీగులో ఆఖరి శుక్రవారం, గెలిస్తే సెమీస్, రెండు పాయింట్లు వెనక, రెండు నిమిషాలు మిగిలాయి. బంతి తన చేతిలో. గీత అయిదడుగులు. పక్కనుంచి వచ్చి నడుం చుట్టేశాడు బాసిత్, నవ్వుతూనే వచ్చాడు వెధవ, “ఆజా కబడ్డీ” అంటూ. ఇద్దరూ కూలారు, బాసిత్ తల తన చంక కింద ఇరుక్కుంది, వెనకనుంచి ఇంకో ఇద్దరు ధబేలుమని మీద పడ్డారు. అప్పుడు రెఫరీ “హెల్డ్” అన్నాడు.

విన్నాడు తిరుమల్. ఇదీ అసలు సంగతి. వినపడలేదనుకోవాలని గంటన్నరగా చూస్తున్నాడు, ఎలా చూసినా వినపడింది. ఆ మాట పడగానే బాసిత్ చేతులు నడుం మీంచి వదిలేశాడు, అదీ తెలిసింది. తల మాత్రం తీసుకోలేకపోయాడు, పైన ఇద్దరి బరువు. “ఛోడ్ దే యార్, గర్దన్” అన్నాడు, ఆ మాట పక్కటెముకల మీద వెచ్చగా తగిలింది, ఊపిరితో సహా. మెడ, మెడ అంటున్నాడు. గీత జానెడు దూరంలో ఉంది, తెల్లగా, సున్నం వాసన కూడా వచ్చింది. లస్మయ్య కాక గొంతు వచ్చింది, ఏలు కొస ముట్టేదాక అని. మోచేయి నేలకు ఆనించి, కాలు తన్ని, మీదున్న ఇద్దర్నీ, బాసిత్‌నూ ఈడ్చుకుంటూ జరిగాడు. చంక కింద ఏదో మెలిపడి, తర్వాత మెత్తబడింది. చెయ్యి చాపి బంతిని గీత మీద పెట్టాడు. పెట్టిన ఆ అరక్షణం సంబరమే అయింది. తలెత్తి చూస్తే రెఫరీ చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, ట్రై లేదని. మీదివాళ్ళు లేచారు. తను లేచాడు. బాసిత్ లేవలేదు.

అదంతా తలుచుకున్నాక వచ్చింది ఆ పాడు ఆలోచన, ఈ కుర్చీలోనే, నల్లపామల్లే. హెల్డ్ అన్నది అందరూ విన్నారు గానీ, తను విన్నాడని ఎవరికి తెలుసు? ఛోడ్ దే అన్నది విన్నది తనొక్కడే, అన్నది బాసిత్ ఒక్కడే. బాసిత్ చెప్పకపోతే... బాసిత్ చెప్పలేకపోతే... అక్కడిదాకా పోయింది బుద్ధి. పోయి, అక్కడ నిలబడి, తనను తాను చూసుకుంది. తిరుమల్ అరచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు, ఆ మాట బయటికి వినపడిందేమోనన్నట్టు. రెండేళ్ళు వాడి చేతిలో పైపు పెట్టి వాడి ప్రాణం కాశాను, వాడు నా ప్రాణం కాశాడు, ఇప్పుడు వాడి నోరు పడిపోవాలని కోరుకున్నానా నేను? అవ్వకు తెలిస్తే ఏమంటుంది? బాలవ్వ కొడుకు దుబాయ్ పోయి మనిషిని ఇరిసిండు అంటే, ఊరికి గల్ఫంతా దుబాయే కదా, ఊళ్ళో ఆమె ఏ ముఖం పెట్టుకుని తిరుగుతుంది? కౌంటరు దగ్గర పోలీసాయన రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు, మామూలుగా అన్ని దెబ్బలూ రాసుకుంటారట. మోసెస్ సార్ కూడా అక్కడే నిలబడి బాసిత్ ఐడీ కార్డు చూపిస్తున్నాడు. ఆయన ఇటు చూసినప్పుడల్లా తిరుమల్ తల దించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

“తిరుమల్ గారూ, ఒక్కసారి ఇలా రండి” అంది సుభాషిణి. చేతిలో అట్టకు తగిలించిన కాగితం ఉంది. “డాక్టరు గారు అడుగుతున్నారండి. పడేటప్పుడు తల నేలకి కొట్టుకుందని రాశారు ఇందులో. స్కాన్‌లో అలా లేదంటున్నారు. పడ్డ దెబ్బ వేరండి, మెలిపడ్డ దెబ్బ వేరు. దాన్ని బట్టి ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలా, వాపు తగ్గేదాకా ఆగాలా అన్నది తేల్చుకోవాలి. మీరు దగ్గరున్నారా?”

“బాసిత్ ఏం జెప్పిండు మేడం?” అన్నాడు తిరుమల్. ముందు ఆ మాటే వచ్చింది నోటికి, సిగ్గులేకుండా.

“ఏమీ చెప్పట్లేదండి. మూడుసార్లు అడిగాం. గుర్తులేదంటున్నాడు.”

గుర్తులేదా? బాసిత్‌కు? పోయిన రంజానులో ఏ అంతస్తులో ఏ పైపు వంకరగా ఉందో చెప్పే మనిషికి, అప్పిచ్చిన సబ్బుముక్క కూడా మరిచిపోని మనిషికి, గంటన్నర కిందటిది గుర్తులేదా? తిరుమల్‌కు అర్థమైంది. తను వాడి నోరు పడిపోవాలని కోరుకుంటుంటే వాడు అక్కడ తనంతట తనే నోరు మూసుకుని, కాళ్ళు పోతున్నా సరే, పడుకున్నాడు. పోలీసాయన పెన్ను పట్టుకుని ఉన్నాడు. ఏమైతే అది కానీ.

“కింద వడ్డప్పుడు ఏం గాలే మేడం. మంచిగనే ఉండె” అన్నాడు. “నా సంకల తలకాయ ఇర్కింది. రెఫరీ ఆగుమన్నడు. నేను ఆగలే. మీద ఇద్దరుండిరి. నేను ముందటికి గుంజుకుంట వోయిన, మెడ గిట్ల తిరిగింది.” చేత్తో తిప్పి చూపించాడు. “ఇడువుమన్నడు మేడం. నాకు ఇనవడ్డది. ఇనవడ్డంక గూడ జానెడు జరిగిన.”

సుభాషిణి రాసుకుంటూనే అడిగింది. “ఏ వైపు తిరిగింది?”

“కుడి దిక్కు.”

“ఎంతసేపు?”

“మూడు సెకన్లు. నాలుగు గావొచ్చు.”

“మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నానండి. పోలీసాయన కూడా అడుగుతారు మిమ్మల్ని. తెలుసు కదా?”

“రాయుండ్రి” అన్నాడు తిరుమల్.

ఆమె లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. తిరుమల్ పోయి మోసెస్ సార్‌కు చెప్పాడు, పోలీసాయనకు చెప్పాడు, హిందీలో, అవే మాటలు. పోలీసాయన రాసుకుని, సంతకం పెట్టించుకుని, ఇక్కడే ఉండు, ఎక్కడికీ వెళ్ళకు అన్నాడు. ఎక్కడికి పోతాడు? మోసెస్ సార్ వచ్చి పక్క కుర్చీలో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బయట మగ్రిబ్ అజాన్ మొదలైంది, కిటికీ అద్దం అవతల ఆకాశం ఎర్రబడి ఉంది. చెప్పేస్తే భయం పోతుందంటారు, ఎవడన్నాడో గానీ వట్టి మాట. జైలు భయం, ఇంటికి పంపేస్తారన్న భయం ఒక పక్కకు జరిగాయి, జరిగిన చోట అంతా ఆ రెండు కాళ్ళే వచ్చి కూర్చున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నాలుగు సెకన్లకు రాని బుద్ధి గంటన్నరకు వచ్చింది. ఈ లోపల ఏం జరిగిపోయిందో, తను ముందే చెప్పి ఉంటే ఏం జరగకపోయేదో. ఫోను మళ్ళీ వణికి ఆగింది. నాలుగు.

“ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారండి” అంది సుభాషిణి, ఈసారి తలుపు సగమే తెరిచి. “కాళ్ళకి ఇంకా స్పర్శ రాలేదు. మీ మాట వల్ల ఆగకుండా ఇప్పుడే చేస్తున్నారు, రేపటికి గానీ ఏ సంగతీ చెప్పలేం. మిమ్మల్ని అడుగుతున్నాడు. రెండు నిమిషాలే, తల కదిలించనివ్వకండి.”

మెడ చుట్టూ గట్టి పట్టీ, తలకు రెండు పక్కలా దిమ్మలు, పైకప్పునే చూస్తూ పడుకున్నాడు బాసిత్. అంత మనిషి ఆ మంచం మీద ఇంతే అయ్యాడు. ముఖం దగ్గరికి పోకుండా తిరుమల్ మంచం చివరే ఆగిపోయాడు. అక్కడ దుప్పటి బయటికి రెండు పాదాలు, గోళ్ళలో ఇంకా గ్రౌండు మట్టి.

“కబడ్డీ?” అన్నాడు బాసిత్ పైకప్పుతో. “కహా హై తూ? దిఖ్తా నహీ.” ఎక్కడున్నావు, కనపడవేంటని.

“ఇధరీచ్ హూ.”

“మెహ్విష్ కా ఫోన్ ఆయా?”

“చార్ బార్.”

“ఉఠాయా నహీ?” ఎత్తలేదా అని.

“నహీ.”

“డర్‌పోక్” అన్నాడు బాసిత్, పిరికివాడా అని, ఆ గొంతులో పాత బాసిత్ కొంచెం ఉన్నాడు.

తిరుమల్ వంగి ఆ రెండు పాదాలూ రెండు చేతులతో పట్టుకున్నాడు. తగిలినప్పుడు ముట్టుకుని కళ్ళకద్దుకోవడం కాదు ఇది, తప్పు చేసినవాడు కాళ్ళు పట్టుకోవడం. బాసిత్‌కు కనపడదు. తెలియదు కూడా, పెన్నుతో గీకితేనే తెలియనివాడికి చేతులు పెడితే ఏం తెలుస్తుంది. “మైనే సబ్ బోల్ దియా” అన్నాడు, అంతా చెప్పేశానని. “హెల్డ్ సునా థా, తేరీ బాత్ భీ సునా థా, బోల్ దియా.” గోడ మీద ఏదో మిషను చప్పుడు చేస్తోంది. పాదాలు వెచ్చగానే ఉన్నాయి, తన చేతులే మంచుగడ్డల్లా ఉన్నాయి, గంటసేపు ఆ ఏసీ కింద కూర్చున్న చేతులు. బాసిత్ తిట్టినా బాగుండును. వార్డుబాయ్‌లు ఇద్దరు వచ్చి మంచం చక్రాల బ్రేకులు తీస్తున్నారు, సుభాషిణి చాలన్నట్టు చెయ్యి ఊపింది, ఇంకొక్క క్షణం అనుకుని పట్టు బిగించాడు తిరుమల్.

“ఛోడ్ దే యార్” అన్నాడు బాసిత్ చిరాగ్గా. “బాయా పైర్ ఛోడ్. బరఫ్ జైసా హాథ్ హై తేరా.”

ఎడమ కాలు వదలమంటున్నాడు. చెయ్యి మంచుగడ్డలా ఉందట.

ఒక్క మాటకే ఎడమ కాలు వదిలేశాడు తిరుమల్. కుడికాలు మాత్రం పట్టుకునే ఉన్నాడు, మంచం కదిలి తలుపు వైపు పోతుంటే సాక్సులతో వెంట నడుస్తూ, దాన్ని కూడా వదలమంటాడేమోనని చెవులు రిక్కించి.